చలి మొదలైతే చాలు జుట్టు పీచు, భుజాల మీద పొట్టు.. మీరంతా ఏం చేస్తున్నారు?

చిక్కుముడి:
హాయ్ అండి అందరికీ. చాలా రోజులుగా చదువుతున్నా కానీ రాయడం ఇదే ఫస్ట్, కొంచెం పెద్దగా రాశా, ఓపిగ్గా చదవండి ప్లీజ్.

మామూలు రోజుల్లో నా జుట్టు పర్లేదు, మరీ ఒత్తు కాదు కానీ చెప్పిన మాట వింటుంది. చలి మొదలైన రెండు మూడు వారాలకి మాత్రం వేరే ఎవరి జుట్టో తెచ్చి నా తలకి అతికించినట్టు అయిపోతుంది. పొడవు వీపు సగం దాకా ఉంటుంది, మెడ వరకు బానే ఉండి అక్కడ్నించి కింద మొత్తం పీచు. ఉన్ని టోపీ తీశానంటే వెంట్రుకలన్నీ లేచి నిలబడతాయి, దువ్వెన పెడితే చిటపటమని సౌండ్ కూడా వస్తుంది, ఇంక మొహానికి అతుక్కుంటే వదలవు.

రెండోది పొట్టు. నల్ల స్వెటర్ వేసుకునే ధైర్యం చెయ్యట్లేదు. దురద కూడా ఉంది, చెవుల వెనక, నుదుటి పైన ఎక్కువ. చలికి మాడు ఎండిపోయి పొట్టు లేస్తోందేమో అనుకుని ముందురోజు రాత్రి కొబ్బరినూనె దట్టంగా పట్టించి (గడ్డకట్టి ఉంటే స్పూన్‌తో గీకి మరీ) పొద్దున తలంటుకుంటున్నా. ఆ రోజుకి హాయిగా ఉంటుంది, మర్నాడు సాయంత్రానికి మళ్లీ మొదలు. ఎవరో నిమ్మరసం అంటే అదీ రాశా, మంట పుట్టి ఏడుపొక్కటే తక్కువ.

మూడోది, అసలు భయం ఇదే, ఊడటం. దిండు మీద, స్వెటర్ మీద, బాత్రూం జాలీ దగ్గర ఎక్కడ చూసినా నా వెంట్రుకలే.

నా రొటీన్: వారానికి మూడుసార్లు తలస్నానం, నీళ్లు బాగా వేడిగా (చలికి అదొక్కటే సుఖం, దాన్ని మానెయ్యమని మాత్రం అనకండి), షాంపూ రెండుసార్లు, కండిషనర్ గుర్తుంటే, తర్వాత టవల్‌తో బాగా రుద్ది ముడేసుకుని పనులు చేసుకుంటా, గంటన్నర అయినా ఆరదు, అలా తడిగానే దువ్వేసి జడేసుకుని బయటికి పోతా. నాలుగు నెలల కింద కలర్ వేయించుకున్నా, అది కూడా చెప్తున్నా. అమ్మేమో ఇంకా నూనె పెట్టు అంటుంది, ఫ్రెండేమో అసలు నూనె ముట్టుకోకు అంటుంది. ఇద్దర్లో ఎవరి మాట వినాలి?

చన్నీళ్లు_నావల్లకాదు:
అచ్చం నా కథే రాశారు అక్కా. నేను పోయినేడు చేసిన ఒక్క మార్పు చెప్తా, నీళ్లు. వేన్నీళ్లు మానలేదు, ఒళ్లంతా వేన్నీళ్లే, తలకి మాత్రం వేరే మగ్గులో గోరువెచ్చగా కలుపుకుంటా, ముందు తల వంచి అది కానిచ్చేసి, జుట్టుకి టవల్ చుట్టేసి, అప్పుడు ఒంటికి సుఖంగా పోసుకుంటా. షవర్ కింద నిలబడితే ఇది కుదరదు, వేడి పెంచుకుంటూ పోతాం తెలీకుండానే. మరీ వేడి నీళ్లు మాడు మీద ఉండే సహజమైన జిడ్డుని కడిగేస్తాయి, గిన్నెల జిడ్డు వేన్నీళ్లకి పోయినట్టే. నాకు దురద సగం దీంతోనే తగ్గింది. మిగతావి పెద్దోళ్లు చెప్తారు.

పాతకాపు:
చిక్కుముడి గారూ, మీరు మూడు సమస్యలు అన్నారు, నాకు రెండే కనిపిస్తున్నాయి, కానీ చెప్పేముందు ఒక పని చెయ్యండి. ఒక రెండు మూడు రోజులు రాలిన వెంట్రుకలు దువ్వెన మీదవీ దిండు మీదవీ ఒక తెల్ల కాగితం మీద పెట్టి చూడండి. ఒక కొసన చిన్న తెల్లటి ఉండ, ఆవగింజ కంటే బాగా చిన్నది, ఉందా లేదా. ఉంటే అది కుదురు నుంచి ఊడిన వెంట్రుక. లేకపోతే, పైగా పొడవు కూడా మీ జుట్టంత లేకుండా పొట్టిగా ముక్కలుగా ఉంటే, అది ఊడలేదు, మధ్యలో విరిగింది. రెండిటికీ మందు పూర్తిగా వేరు. కుదురు నుంచి రోజుకి 50 నుంచి 100 దాకా రాలడం ఎవరికైనా మామూలే, తలమీద ఉన్నవి లక్ష దాకా ఉంటాయి కాబట్టి భయపడక్కర్లేదు. మూడ్రోజులకొకసారి తల దువ్వేవాళ్లకి మూడ్రోజులవీ ఒకేసారి వస్తాయి, అది చూసి గుండె ఆగిపోతుంది అంతే.

చలికాలం ఊడటం గురించి ఇంకోటి. కుదుళ్ల నుంచి ఊడటం సీజన్‌ని బట్టి కొంచెం పెరిగే మాట నిజమే కానీ స్టడీల్లో అది ఎక్కువ కనిపించింది వేసవి చివర్నించి చలి మొదలయ్యే లోపు. అంటే మీరు చలికాలం మధ్యలో చూస్తున్నది ఎక్కువ విరగడమే అయ్యుంటుందని నా అనుమానం. లేదా రెండు మూడు నెలల కింద పెద్ద జ్వరం, ఆపరేషన్, డెలివరీ లాంటిది ఏమైనా జరిగిందా? జుట్టు ఆ దెబ్బని అప్పటికప్పుడు చూపించదు, రెండు మూడు నెలలు ఆగి అప్పుడు రాలుస్తుంది, అందుకే మనం నిన్న మార్చిన షాంపూ మీద నేరం మోపుతాం.

ఇక పీచు ఎందుకు అవుతుందంటే గాలి. చల్లటి గాలికి నీటి ఆవిరిని పట్టుకునే శక్తి తక్కువ. 0 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలిలో పట్టేది 5 గ్రాముల లోపే, 20 డిగ్రీల దగ్గర 17 గ్రాముల పైన. ఇప్పుడు ఆ చల్లటి గాలే ఇంట్లోకి వచ్చి హీటర్‌తో వేడెక్కిందనుకోండి, దాన్లో ఉన్న నీళ్లు అవే 5 గ్రాములు, కానీ ఇప్పుడు అది 17 పట్టగల గాలి. బయట తేమ నూటికి నూరు శాతం ఉన్నా గదిలో 28 శాతానికి పడిపోతుంది. ఆ లోటు పూడ్చుకోడానికి గాలి దొరికిన చోటల్లా నీళ్లు లాగుతుంది, మీ పెదాల నుంచి, చేతుల నుంచి, జుట్టు నుంచి. అందుకే బయట చలి కంటే లోపల హీటర్ ఎదురుగా కూర్చోవడమే జుట్టుకి ఎక్కువ పీకులాట. వేడిగాలి నేరుగా తల మీదకి కొట్టకుండా కుర్చీ జరుపుకోండి ముందు.

మెడ దాకా బాగుండి కింద పీచు అన్నారు కదా, అది కూడా లెక్కే. జుట్టు నెలకి దాదాపు 1 సెంటీమీటరు పెరుగుతుంది, మీ చివర్లు అంటే మూడు నాలుగేళ్ల కిందట పుట్టిన వెంట్రుక, అది మూడు నాలుగు చలికాలాలు చూసేసింది, పైగా కలర్. పర్మనెంట్ కలర్ వేసినప్పుడు వెంట్రుక పైన పుట్టుకతో ఉండే పల్చటి కొవ్వు పొర చాలావరకు పోతుంది, అది మళ్లీ రాదు, కొత్తగా మొలిచే జుట్టుకే ఉంటుంది. మీ కుదుళ్ల వైపు బాగుండటానికి ఒక కారణం అదే.

పొట్టు సంగతి మీరు వెంట్రుకలు లెక్కపెట్టి వచ్చాక రాస్తా, అక్కడ మీ అమ్మగారితో గొడవ పెట్టుకోవాల్సి వస్తుంది.

కత్తెర:
పాతకాపు గారు చెప్పినదానికి కింద నా సంతకం కూడా వేసుకోండి. నేను పదకొండేళ్లుగా ఇదే పనిలో ఉన్నా, చలికాలంలో కుర్చీలో కూర్చునే ప్రతి రెండో మనిషీ ఊడిపోతోంది ఊడిపోతోంది అంటారు, నేను పాయ తీసి వెలుగులో చూపిస్తే చివర్లు చీపురు. నిజం చెప్పాలంటే చిట్లిపోయిన చివరని అతికించే సీరమ్ ఈ భూమ్మీద లేదు, సిలికోన్ ఉన్నవి తాత్కాలికంగా జిగురులా పట్టి ఉంచుతాయి, తలస్నానంతో పోతుంది. రెండు అంగుళాలు తీసేస్తే ఆ చీలిక పైకి పాకకుండా ఉంటుంది. కత్తిరిస్తే జుట్టు వేగంగా పెరుగుతుందన్నది మాత్రం మా వాళ్లే పుట్టించిన అబద్ధం, పెరిగేది కుదుళ్ల దగ్గర, కత్తెరకీ దానికీ సంబంధం లేదు.

మీ రొటీన్‌లో నాకు ఒళ్లు మండింది ఒకటే, టవల్‌తో రుద్ది, ముడేసి, తడిగానే దువ్వి జడ. తడి జుట్టు బలంగా ఉంటుందనుకుంటారు సాగుతుంది కాబట్టి, అది సాగేది బలహీనమైంది కాబట్టి. వెంట్రుక తన బరువులో దాదాపు 30 శాతం దాకా నీళ్లు తాగుతుంది, ఉబ్బుతుంది, లోపల కట్టి ఉంచే బంధాల్లో కొన్ని విడిపోతాయి, ఆ టైంలో దువ్వెన లాగితే తిరిగి రానంత సాగి తెగుతుంది. కాబట్టి రుద్దడం వద్దు, పాత కాటన్ టీషర్ట్ లాంటిదాంతో పాయలు పాయలుగా పిండండి. చిక్కు తీసేది కండిషనర్ జుట్టుకి ఉన్నప్పుడే, జారుడుగా ఉంటుంది, వెడల్పు పళ్ల దువ్వెనతో కింద చివర్నించి మొదలుపెట్టి పైకి. పైనుంచి కిందకి లాగారంటే చిక్కులన్నీ ఒకచోట చేరి గట్టి ముడి పడుతుంది, మీ పేరు అదే కదా.

డ్రయ్యర్ వాడండి. అవును నేనే అంటున్నా. గంటన్నర తడిసి ఉండటం కూడా జుట్టుకి మంచిది కాదు. 2011లో ఒక స్టడీ వచ్చింది, జుట్టు పాయల్ని రోజూ కడిగి కొన్నిటిని ఊరికే ఆరబెట్టారు, కొన్నిటిని డ్రయ్యర్‌తో వేర్వేరు దూరాల్నించి ఆరబెట్టారు, 30 రోజులు. పైపైన చూస్తే డ్రయ్యర్ పెట్టిన వాటికే దెబ్బ ఎక్కువ తగిలింది, కానీ లోపల పొలుసుల్ని అతికించి ఉంచే పొర ఉంటుంది చూడండి, అది ఉబ్బి కనిపించింది మాత్రం ఊరికే ఆరబెట్టిన జుట్టులో. 15 సెంటీమీటర్ల దూరంలో పెట్టి ఒకచోట ఆపకుండా తిప్పుతూ ఉంటే మేలని తేల్చారు. ఆ దూరంలో వేడి 47 డిగ్రీలు, 5 సెంటీమీటర్లకి తెస్తే 95. అంటే మీ అరచేయి చాపితే బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా వచ్చే జానెడు కంటే కొంచెం తక్కువ దూరం, అంతే గుర్తు. ముందు ఒక పావుగంట దానంతటది ఆరనిచ్చి, నీళ్లు కారడం ఆగాక డ్రయ్యర్ పెట్టండి.

జుట్టు తిన్నగా చేసే ఐరన్ మాత్రం తడి జుట్టు మీద చచ్చినా వద్దు. లోపలి నీళ్లు మరిగి ఆవిరై వెంట్రుకలో బుడగలు పుడతాయి, మైక్రోస్కోప్‌లో కనిపిస్తాయి కూడా, అక్కడే పుటుక్కుమంటుంది. ఐరన్ పెడుతుంటే చుయ్‌మని సౌండ్ వస్తే అది ఆ బుడగే.

బట్టతల_బాబాయ్:
ఈ థ్రెడ్‌లో నాకేం పని అని అనుకోకండి, జుట్టు లేకపోయినా చుండ్రు ఉంటుంది, దేవుడి న్యాయం అది.

అమ్మా చిక్కుముడీ, చెవుల వెనకా నుదుటి పైనా దురద, నూనె పెడితే ఒక రోజు హాయి మళ్లీ మొదలు, ఇది ఎండిపోయిన మాడు కాదు, చుండ్రు. నేను ఎనిమిదేళ్లు ఇదే తప్పు చేశా. ఎండిన మాడు పొట్టు సన్నగా తెల్లగా పొడిలా ఉంటుంది, సాధారణంగా ఒంటి మీద కూడా చర్మం పగిలి ఉంటుంది. చుండ్రుది కొంచెం పెద్ద రేకులు, పసుపు ఛాయ, గోటికి జిడ్డుగా తగులుతుంది. ఒకసారి గోకి గోరు చూసుకో.

నాకు డాక్టర్ కీటోకొనజోల్ 2 శాతం షాంపూ రాశారు. ఇక్కడే అందరూ బోల్తా పడేది, మామూలు షాంపూలా నురగ తెప్పించి వెంటనే కడిగేస్తారు. అది మందు, మాడుకి పట్టించి 3 నుంచి 5 నిమిషాలు ఉంచాలి, వారానికి రెండుసార్లు, 2 నుంచి 4 వారాలు. తగ్గాక మానెయ్యకుండా వారానికో రెండు వారాలకో ఒకసారి. జింక్ పైరిథియోన్ ఉన్నవీ సెలీనియం సల్ఫైడ్ ఉన్నవీ కూడా పనిచేస్తాయి, కాకపోతే కలర్ అన్నావు కాబట్టి సెలీనియందాంతో జాగ్రత్త, రంగు మారొచ్చు. ఆ అయిదు నిమిషాలు చలికి వణుకుతూ నిలబడటం నరకం, నేను తలకి పట్టించి ఆ గ్యాప్‌లో పళ్లు తోముకుంటా.

నిమ్మరసం గురించి ఏం మాట్లాడను. గోకి గోకి చిట్లిన చర్మం మీద పులుపు పోస్తే మండకేం చేస్తుంది తల్లీ.

నూనెసీసా:
అందరూ కలిసి నూనెని విలన్ చేసేటట్టున్నారు. నేను చిన్నప్పట్నించి పెడుతున్నా, నడుం దాకా జుట్టు, చలికాలంలో కూడా మెత్తగానే ఉంటుంది, నాకెప్పుడూ చుండ్రు లేదు. 2003లో కొబ్బరినూనె మీద స్టడీ కూడా ఉంది, మినరల్ ఆయిల్, సన్‌ఫ్లవర్ ఆయిల్, కొబ్బరినూనె మూడూ పోలిస్తే తలస్నానం ముందు పెట్టినా తర్వాత పెట్టినా జుట్టులోంచి ప్రొటీన్ పోకుండా ఆపింది కొబ్బరినూనె ఒక్కటే. చలికాలంలో నూనె మానెయ్యమని చెప్పేవాళ్లు దీనికేమంటారు?

పాతకాపు:
నూనెసీసా గారూ ఆ స్టడీ కరెక్టే, నేను కాదనను. కొబ్బరినూనెలో ఎక్కువ ఉండేది లారిక్ యాసిడ్, చిన్న అణువు, తిన్నగా ఉంటుంది, అందుకే వెంట్రుక లోపలికి వెళ్లగలదు, మిగతా రెండూ పైనే ఉండిపోతాయి. నీళ్లు తాగి ఉబ్బడాన్ని కూడా తగ్గిస్తుంది. కానీ ఆ స్టడీ వెంట్రుక మీద చేసింది, మాడు మీద కాదు. గొడవంతా ఇక్కడే.

చుండ్రు వెనక ఉండేది మలసీజియా అనే ఈస్ట్ (ఒక రకం ఫంగస్), అందరి తల మీదా ఉంటుంది, మీ తల మీదా నా తల మీదా. దానికి సొంతంగా కొవ్వు తయారుచేసుకోవడం రాదు, మన జిడ్డు తిని బతుకుతుంది, తినగా మిగిల్చిన ఓలియిక్ యాసిడ్ లాంటివి కొందరి చర్మానికి పడవు, దురద, పొట్టు. మీ చర్మానికి పడింది కాబట్టి మీకు చుండ్రు లేదు, అదృష్టం. చిక్కుముడి గారికి పడట్లేదు. అలాంటి మాడు మీద రాత్రంతా నూనె ఉంచడం అంటే దానికి విందు భోజనం వడ్డించి పడుకోవడమే. నూనె పెట్టిన రోజు హాయిగా ఎందుకుంటుందంటే పొట్టు తడిసి అతుక్కుని కనిపించదు, దురద కాసేపు ఆగుతుంది, అంతే. ఆలివ్ నూనె అయితే అందులో ఎక్కువ భాగం ఓలియిక్ యాసిడే, అది ఇంకా దారుణం.

కాబట్టి అమ్మగారూ కరెక్టే, ఫ్రెండూ కరెక్టే. నూనె చెవుల కింద నుంచి చివర్ల దాకా, తలస్నానానికి ఒక గంట రెండు గంటల ముందు, పల్చగా. మాడుకి వద్దు, చుండ్రు తగ్గేదాకా అయినా. మీరు స్పూన్‌తో గీకుతున్నారన్నారు, కొబ్బరినూనె 24 డిగ్రీల కిందికి వస్తే గడ్డ కడుతుంది, పాడవలేదు, నేరుగా పొయ్యి మీద పెట్టకుండా సీసాని వేన్నీళ్ల గిన్నెలో అయిదు నిమిషాలు ఉంచితే కరుగుతుంది. గడ్డగా రుద్దితే ఒకచోట ముద్ద ఒకచోట ఏమీ లేకుండా పడుతుంది, ఆ ముద్ద వదిలించడానికే మీరు రెండుసార్లు షాంపూ పెడుతున్నారు, ఆ రెండో షాంపూకే చివర్లు ఇంకా పీచవుతున్నాయి. చక్రం అర్థమైందా.

నూనెసీసా:
హ్మ్. మాడుకి కాకుండా జుట్టుకి మాత్రమే నూనె అంటే మా అమ్మ నన్ను ఇంట్లోంచి వెళ్లగొడుతుంది కానీ మీరు చెప్పింది లాజిక్‌గానే ఉంది. నాకు చుండ్రు లేదు కాబట్టి నేను మారను.

పాతకాపు:
మారొద్దు, ఎందుకు మారడం.

చిక్కుముడి:
వామ్మో ఇంత రాశారా అందరూ, థాంక్యూ. మూడ్రోజులు కాగితం మీద పెట్టి లెక్కపెట్టా, ఇంట్లో అందరూ పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. మొత్తం 137. అందులో తెల్ల ఉండ ఉన్నవి 49 మాత్రమే, మిగతావన్నీ ముక్కలు, కొన్నైతే వేలంత కూడా లేవు. అంటే రోజుకి 16 ఊడుతున్నాయి అంతే కదా?? నేను దీనికోసం బయోటిన్ (అదో బి విటమిన్) మాత్రలు కూడా తెప్పించుకున్నా, ఇంకా మొదలుపెట్టలేదు. జ్వరాలవీ ఏం రాలేదు.

గోరు కూడా చూసుకున్నా బాబాయ్ గారూ, జిడ్డుగానే ఉంది, ఛీ.

రెండు డౌట్లు. చివర్లో చన్నీళ్లు పోస్తే రంధ్రాలు మూసుకుని మెరుస్తుందంటారు నిజమేనా, చలిలో చన్నీళ్లంటే ప్రాణం పోతుంది. ఇంకా ఈ కరెంటు షాక్ జుట్టుకి ఏం చెయ్యాలి?

కత్తెర:
137లో 88 ముక్కలు. నా కత్తెర నవ్వుతోంది.

చన్నీళ్లు వద్దు. జుట్టుకి రంధ్రాలూ లేవు, తలుపులూ లేవు. పైన పొలుసులు చేపకి ఉన్నట్టు ఒకదాని మీద ఒకటి పరిచి ఉంటాయి, అవి లేవడం అణగడం నీళ్ల చల్లదనం వల్ల కాదు, ఎంత ఉబ్బింది, వాడిన షాంపూ ఎంత క్షారంగా ఉంది అనేదాన్ని బట్టి. మెరుపు కావాలంటే కండిషనర్, అదే మీ రెండో డౌట్‌కి కూడా సమాధానం. జుట్టుకి, ముఖ్యంగా పాడైన జుట్టుకి, నెగెటివ్ చార్జ్ ఉంటుంది, కండిషనర్‌లో ఉండే పదార్థాలకి పాజిటివ్ చార్జ్, అందుకే కడిగినా పల్చగా అతుక్కుని ఉంటాయి, ఎక్కడ ఎక్కువ పాడైందో అక్కడే ఎక్కువ పడతాయి, తెలివైన సరుకు. జుట్టు జారుడుగా ఉంటే టోపీతో రాపిడి తగ్గుతుంది, రాపిడి తగ్గితే కరెంటు తగ్గుతుంది. గుర్తుంటే కాదు, ప్రతిసారీ పెట్టాలి. మాడుకి కాదు, మెడ కింద నుంచి. షాంపూ మాత్రం మాడుకే, కిందికి జారే నురగ చాలు పొడవుకి. చాలామంది సరిగ్గా రివర్స్ చేస్తారు.

టోపీ లోపల నున్నటి శాటిన్ గుడ్డ కుట్టించుకోండి లేదా పల్చటి స్కార్ఫ్ కట్టుకుని పైన టోపీ పెట్టండి. ప్లాస్టిక్ దువ్వెన బదులు చెక్క దువ్వెన. అర్జెంటుగా బయటికెళ్లాలి లేచి నిలబడ్డాయి అంటే రెండు చుక్కల కండిషనర్ తడి చేతులకి రాసుకుని పైపైన నిమరండి. టోపీ వల్ల జుట్టు ఊడదు, ఆ భయం వద్దు, చెవుల పైన నొక్కుకుపోయేంత బిగుతుది మాత్రం పెట్టుకోకండి. జడ కూడా అంతే, కొంచెం వదులుగా, చివర్లు స్వెటర్ మెడకీ కోటు కాలర్‌కీ రాసుకోకుండా. మీకు మెడ దగ్గర్నించే పీచు మొదలైందన్నారు చూడండి, ఆ రాపిడి కూడా ఒక చెయ్యి వేసుంటుంది.

చెప్పాలనిపించింది:
లేటుగా వచ్చా. బయోటిన్ గురించి ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి రాస్తున్నా. లోపం ఉన్నవాళ్లకి పనిచేస్తుంది కానీ ఆ లోపం చాలా అరుదు. విరిగే జుట్టుకి అది ఏమీ చెయ్యదు, బయట ఉన్న వెంట్రుక ప్రాణం లేనిది, మాత్ర మింగితే దాన్లోకి ఏం ఎక్కుతుంది. పైగా ఎక్కువ డోసు బయోటిన్ కొన్ని రక్తపరీక్షల్ని తప్పుదారి పట్టిస్తుంది, థైరాయిడ్ ఒకటి, గుండె నొప్పి వచ్చినప్పుడు చేసే ట్రోపోనిన్ ఒకటి. అమెరికాలో మందుల్ని పర్యవేక్షించే ఎఫ్‌డీఏ 2017లో దీని మీద హెచ్చరిక కూడా ఇచ్చింది. వేసుకునేవాళ్లు టెస్టుకి వెళ్తే డాక్టర్‌కి చెప్పండి. నిజంగా కుదుళ్ల నుంచే గుప్పెళ్లు గుప్పెళ్లు వస్తుంటే ఊహించి మాత్రలు వేసుకునే బదులు రక్తంలో ఐరన్, థైరాయిడ్ చూపించుకోవడం నయం.

ఇంకోటి, చుండ్రు షాంపూ నాలుగు వారాలు సరిగ్గా వాడినా తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. నాకు చుండ్రు అనుకుని రెండేళ్లు వాడా, చివరికి అది సోరియాసిస్. దట్టమైన వెండిరంగు పొలుసులు, జుట్టు అంచు దాటి నుదుటి మీదకి రావడం, మోచేతుల మీద మోకాళ్ల మీద కూడా మచ్చలు, అప్పుడే అనుమానించాల్సింది. అది కూడా చలికాలంలోనే పెరుగుతుంది కాబట్టి చలికి పొట్టు అని కొట్టిపడేశా. చిన్నపిల్లల తలలో గుండ్రంగా ఒకచోట జుట్టు తెగి పొట్టు లేస్తుంటే అది మళ్లీ వేరే, ఫంగస్ అయ్యుండొచ్చు, దానికి షాంపూ ఒక్కటే సరిపోదు, వెంటనే చూపించాలి.

బట్టతల_బాబాయ్:
చాలా మంచి మాట చెప్పావు. నేను డాక్టర్ దగ్గరికి ఎనిమిదేళ్లకి వెళ్లా అని రాయడం మర్చిపోయా, వెళ్లుంటే ఇంకో నాలుగు వెంట్రుకలు మిగిలేవేమో. (మిగిలేవి కాదు, వంశంలోనే ఉంది, చుండ్రు పాపం అమాయకురాలు.)

చిక్కుముడి:
ఆరు వారాల తర్వాత అప్‌డేట్. ఎవరైనా ఇదే వెతుక్కుంటూ వస్తే పనికొస్తుందని.

చుండ్రు షాంపూ నాలుగు వారాలు చేశా, వారానికి రెండుసార్లు, ఫోన్లో టైమర్ పెట్టుకుని. మొదటి వారం ఏం తేడా లేదు, మధ్యలో మానేద్దామనుకున్నా, రెండో వారం చివర్నించి దురద బాగా తగ్గింది. ఇప్పుడు నల్ల స్వెటర్ వేసుకునే ఇది టైప్ చేస్తున్నా. ఎడమ చెవి వెనక మాత్రం ఇంకా కొంచెం ఉంది, ఈ వారం కూడా అలాగే ఉంటే చూపించుకుంటా. మాడుకి నూనె ఆపేశా, అమ్మ రెండ్రోజులు మాట్లాడలేదు.

పొడవు విషయం నిజం చెప్పాలంటే అద్భుతాలేం జరగలేదు. మూడు అంగుళాలు కట్ చేయించా, ఏడుపొచ్చింది కానీ చిక్కు తియ్యడానికి ఇరవై నిమిషాలు పట్టేది ఇప్పుడు అయిదు. మళ్లీ మూడ్రోజులు లెక్కపెట్టా, మొత్తం 71, ముక్కలు 26. నీళ్లు గోరువెచ్చగా చెయ్యడం మాత్రం కొన్నిసార్లు నా వల్ల కావట్లేదు, క్షమించండి, మగ్గు ఐడియా బాగుంది కానీ పొద్దున్నే చలిలో తల వంచి కూర్చోవాలంటే ఎక్కడలేని విరక్తి వస్తుంది. డ్రయ్యర్ జానెడు దూరం అలవాటైంది, చెయ్యి నొప్పి పుడుతుంది అంతే. బయోటిన్ డబ్బా అలాగే ఉంది, సీల్ కూడా తియ్యలేదు.

కత్తెర గారూ, కండిషనర్ ప్రతిసారీ పెడుతున్నా, టోపీ తీస్తే ఇప్పుడు నాలుగైదు వెంట్రుకలే లేస్తున్నాయి. కాకపోతే సీసా నెల తిరక్కుండానే అయిపోయింది, ఏంటా అని చూస్తే అమ్మ వాడుతోంది. అడిగితే, తలకి నూనె వద్దన్నావుగా, మరి ఇదేం చేస్తుందో చూద్దామని, అంది.

చన్నీళ్లు_నావల్లకాదు:
హహ. అమ్మకి మాడుకి పెట్టొద్దని చెప్పారా మరి?

చిక్కుముడి:
చెప్పా. వింటేగా.